సొంత సిగ్నల్ ఉన్న పలక

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో పిల్లి తుమ్మితే పులి గాండ్రించిందని చెప్పి పెరిగినవాణ్ణి. పెళ్లిచూపుల్లో నా జీతాన్ని కూడా అదే కొలతలో చెప్పానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. కాబట్టి ఈ కింద వచ్చే నీళ్లలో ఒక నిలువు, జనంలో సగం, ఉరుముల్లో ముప్పాతిక మీరే తగ్గించుకుని చదువుకోండి. తగ్గించగా మిగిలినది నిజం, ఒక్కచోట తప్ప. ఆ చోటు ఏదో చివర్లో నేనే చెబుతాను.

మొన్న ఆదివారం మా అమ్మాయి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ ఒకటి కొనుక్కుందామని ఫోనులో వెతుకుతోంది. ఒకే యంత్రం రెండు రకాలుగా దొరుకుతోందట. ఒకటి వైఫై ఉన్నచోట మాత్రమే పుస్తకాలు దించుకుంటుందట, రెండోదానికి కడుపులోనే సిమ్ములాంటిది పెట్టి పంపిస్తారట, అది ఎక్కడున్నా ఎవర్నీ అడక్కుండా తనంతట తానే సిగ్నల్ పట్టుకుంటుందట, అందుకని ధర బాగా ఎక్కువట. "ఆ డేటా ఉండేది వేస్ట్ కదా నాన్నా? ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసుకుంటే సరిపోతుంది కదా?" అంది. అవునని తల ఊపబోయాను. సరిగ్గా అప్పుడే, బయట మాడ్చేసే ఎండ కాస్తూ ఉండగానే, ఎక్కణ్ణుంచో తడిమట్టి వాసన వచ్చింది, గాలి లేకుండానే బాల్కనీ తలుపు ఒకసారి కొట్టుకుంది, పక్క గదిలో పడుకున్న మా అమ్మ, ఎవరూ పిలవకుండానే, "ఏమప్పా, పలక కొంటాండారా?" అని అడిగింది. సగం ఊపిన తల అక్కడే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే మిమ్మల్ని ఈ కన్నడ నగరంలోని పాత బజారు, నగర్తపేటకు తీసుకెళ్లాలి. మా తాతకు, అంటే అమ్మవాళ్ల నాన్నకు, అక్కడ దారాల కొట్టు ఉండేది. దారపు రీళ్లు, గుండీలు, లేసులు, చీరల అంచులు. కొట్టు ఎంత ఇరుకంటే, లావుపాటి దర్జీ ఎవరైనా లోపలికి వస్తే తాత బయటికి వచ్చి వీధిలో నిలబడి బేరం చేసేవాడు. నాన్న ఉద్యోగం ఊళ్లు తిప్పేది కావడంతో నేను అమ్మతోపాటు ఆ కొట్టు మీది ఇంట్లోనే పెరిగాను. ఆ రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, అద్దె పుస్తకాల అంగడి నుంచి ఒక నవల ఇంటికి వచ్చిందంటే దాన్ని ఇల్లంతా కలిసి చదవాలి. ఎవరు ఎక్కడిదాకా చదివారో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ఇచ్చారు. తాతది నలుపు, మామది, అంటే అమ్మ తమ్ముడిది, మెరూన్, అమ్మది చిలకపచ్చ; నాకు మాత్రం ఏ దర్జీ కొనకుండా మిగిలిపోయిన బురదరంగు. పుస్తకం మూస్తే దారాల కొసలు బయటికి వేలాడుతూ, అది ఏదో తోకలున్న జంతువులా కనిపించేది.

ఆ దారాలకు రెండు కట్టుబాట్లు ఉండేవి. పెద్దవాళ్ల దారం దాటి చిన్నవాళ్లు ఒక్క పేజీ కూడా ముందుకు చదవకూడదన్నది ఒకటి. ఒక మనిషి పోయాక మాత్రమే ఆ మనిషి దారం తీసేసి మిగిలినవాళ్లు దాటేవాళ్లు; తాత పోయిన పదకొండో నాడు మామ ఒక సగం చదివిన నవల్లోంచి ఆ నల్లదారం లాగుతూ ఉంటే ఇంట్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఇక రెండోది, అన్నిటికంటే భయంకరమైనది, అధ్యాయం మధ్యలో దారం పెట్టకూడదు. అన్నం మాడినా, కొట్లోకి దొంగ వచ్చినా, అధ్యాయం ముగించాకే లేవాలి. ఎందుకని నేనొకసారి అడిగితే తాత గొంతు తగ్గించి చెప్పాడు. "మధ్యలో ఇడిస్తే ఆ మనుషులు ఆడనే నిలబడుకోని ఉంటారప్పా. కత్తెత్తినోడు ఎత్తినట్లే ఉంటాడు. వానికి చెయ్యి నొప్పి పుడితే యాడో ఒక తావ దించల్ల కదా? మనింట్లోనే దించుతాడు." ఆ తర్వాత చాలాకాలం నేను అటక కింద ఒంటరిగా నడవలేదు. పైగా సాక్ష్యాలు కూడా ఉండేవి. అవ్వ ఒకసారి కథలో పెళ్లికూతుర్ని పీటల మీద వదిలేసి, పాలు పొంగుతున్నాయని లేచి, గడప తట్టుకుని పడి తొంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత ఆమె నడిచిన ప్రతి అడుగులోనూ ఆ ముగియని అధ్యాయం కుంటుతూ వెంట వచ్చేది. తాత తమ్ముడు హత్య జరుగుతున్న పేజీలో దారం పెట్టి స్నానానికి వెళితే, రాగి కాగు పగిలి వీపంతా బొబ్బలెక్కింది. ఇంకా ఉన్నాయి, కానీ మీరు నమ్మరు.

మామ ఈ కట్టుబాట్లను తాతకంటే ఎక్కువ పాటించాడు. పెళ్లి చేసుకోలేదు; కొట్టు మీది గదిలోనే ఉంటూ, దారాల నమూనాల సంచి భుజానికి తగిలించుకుని ఊరి బయట జిగణిలోని బట్టల ఫ్యాక్టరీల చుట్టూ ఆర్డర్ల కోసం బస్సుల్లో తిరిగేవాడు. బస్సులో ఎప్పుడూ చదువుతూనే ఉండేవాడు; అధ్యాయం ముగియలేదని దిగాల్సిన చోట దిగకుండా ఆనేకల్ దాకా వెళ్లిపోయిన సందర్భాలు లెక్కలేనన్ని. ఊరంతా ఫోన్లు కొన్నా ఆయన కొనలేదు. "ఎప్పుడంటే అప్పుడు పట్టుకునేట్లుంటే వాడు మనిషి కాదప్పా, కట్టేసిన ఎనుము" అనేవాడు.

ఆయనకు చూపు మందగించి అచ్చుపుస్తకాల అక్షరాలు చీమల్లా పాకడం మొదలుపెట్టిన ఏడు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని నేను రెండు ఈ-రీడర్లు కొన్నాను. నాకు వైఫైది చాలు. మామ గదిలో వైఫై లేదు, చేతిలో ఫోను లేదు కాబట్టి హాట్‌స్పాటూ లేదు. ఆయనకు డేటా కడుపులో పెట్టుకున్నదే కావాలి. ఆ అదనపు ధర మీద మా ఇంట్లో జరిగిన వాదన ఏ కోర్టులోనూ జరిగి ఉండదు. మా ఆవిడ ఒక్క ప్రశ్నతో నన్ను బోనెక్కించింది: "చదువుకునే దానికి సిగ్నల్ ఎందుకండీ? అది ఎవరితో మాట్లాడాలని?" అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వలేను.

వ్యాపారస్తుల ఇంట్లో పెరిగిన బుద్ధి కదా, ఒక పుస్తకం కొంటే ఇద్దరం చదువుకోవచ్చని రెండు యంత్రాలనూ ఒకే ఖాతాకు కట్టాను. మామ దాన్ని పలక అన్నాడు, అదే పేరు నిలిచిపోయింది. కొన్నాళ్లకు నేను నా పలక తెరిస్తే తెర మీద ఒక చిన్న పెట్టె పైకి వచ్చి, ఇంకో యంత్రంలో ఇంతకంటే ముందు పేజీ దాకా చదివారు, అక్కడికి వెళతారా అని అడిగింది. అది మామ మెరూన్ దారం! నగర్తపేట గదిలోంచో, జిగణి బస్సులోంచో, ఆ సొంత సిగ్నల్ మీద, ఆయన చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చి వేలాడుతోంది. వెళ్లి చూస్తే ఎప్పుడూ అధ్యాయం చివరి పేజీయే. నేను దాటలేదు, ఈ వయసులో కూడా ఆయన వెనకాలే చదివాను. ఆయనకు ఈ సంగతి తెలియదు. అమ్మకు మాత్రం చెప్పాను.

ఇక ఆ వానల సంగతి. మేము అప్పటికి మహదేవపురలో అపార్ట్‌మెంట్ కొని, అమ్మను మాతో తెచ్చుకున్నాం. ఆ స్థలం ఒకప్పుడు చెరువని మాకు అమ్మినవాడు చెప్పలేదు. చెరువు మాత్రం మరిచిపోలేదు. రాత్రంతా కురిసిన వానకు తెల్లారేసరికి అది తన ఇంటికి తాను తిరిగి వచ్చింది. బేస్‌మెంట్‌లో కార్లు గేదెల్లా ఈదుతున్నాయి, లిఫ్టులోంచి జానెడు చేపలు దిగి ఎవరి అంతస్తుకు అవి వెళుతున్నాయి, రోడ్డు మీద పరుపులంత నురగ కుప్పలు ఎవరూ నెట్టకుండా తమంతట తామే మలుపులు తిరుగుతున్నాయి. కరెంటు పోయింది, దాంతో వైఫై పోయింది. అప్పుడు కొట్లో పనిచేసే ఆయన ఫోన్ చేసి, మామ పొద్దున్నే జిగణి వెళ్లాడనీ, పని చూసుకుని అటునుంచటే అక్కను చూడ్డానికి మా ఇంటికి వస్తానన్నాడనీ చెప్పాడు. అమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

మధ్యాహ్నానికి వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చి, రింగ్ రోడ్డు మీద ఒక బస్సు నీళ్లలో చిక్కుకుందట, సగం మునిగిందట అని ప్రతి తలుపు దగ్గరా చెప్పి, చెప్పిన ప్రతిసారీ బస్సును ఇంకొంచెం ముంచి పోయాడు. ఆ విషయంలో ఆయన నాకు గురువు. అమ్మ నా వైపు తిరిగి, "పలక చూడప్పా" అంది.

నా పలకకు సొంత సిగ్నల్ లేదు. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టాలి. మా ఆవిడ ఫోను అప్పటికే ఆరిపోయింది, నాదాంట్లో చార్జి చూస్తే దీపం కొడిగట్టినట్టుంది. అయినా పెట్టాను. పెట్టె పైకి వచ్చింది. మామ పేజీ కదిలింది! కాసేపాగి మళ్లీ చూస్తే మళ్లీ కదిలింది. ఎక్కడో ఒకచోట, ఆ నీళ్లలో, ఆయన కూర్చుని తీరిగ్గా చదువుకుంటున్నాడు. అమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది. మా ఆవిడ మెల్లగా, డేటాకు పెట్టిన డబ్బు వసూలైందండీ అని కూడా అంది.

ఆ తర్వాత కదల్లేదు.

మొదటిసారి చూసి, బస్సులో కునుకు పట్టిందేమో అన్నాను. రెండోసారీ అదే పేజీ. ఆ పేజీ ఏమిటో చూద్దామని వెళ్లాను. పెద్దవాళ్ల దారం దాకా వెళ్లొచ్చు, దాటకూడదు, అంతే. అదొక పాతకాలపు డిటెక్టివ్ నవల. పాడుబడ్డ బంగళాలో, నేలమాళిగ మెట్లు దిగుతున్నాడు ఇన్‌స్పెక్టరు. కింద నీళ్లు పెరుగుతున్న చప్పుడు. చేతిలో లాంతరు ఆరిపోయింది. పేజీ అక్కడితో ఆగింది. అధ్యాయంలో ఇంకా చాలా మిగిలి ఉందని అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తోంది.

"అధ్యాయం ముగించినాడా?" అంది అమ్మ.

నేను పలకను టేబుల్ మీద పెట్టేశాను. అదే జవాబు.

"మధ్యలో ఇడిసేటోడు కాదురా వాడు" అని ఆమె కుర్చీలో కూర్చుంది. బయట వాన తగ్గింది గానీ ఆ తగ్గడం ఎంతమాత్రం మంచిగా లేదు. ఎవరో తలుపు వెనక నిలబడి చెవి పెట్టి వింటున్నట్టుగా ఉంది. ఫోను ఆఖరిసారి వెలిగి ఆరిపోయింది. హాట్‌స్పాట్ పోయింది. పలక తెర మీద అక్షరాలు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి, ఆ యంత్రాల స్వభావమే అంత; టేబుల్ మీద, ఆ మసక వెలుతురులో, ఇన్‌స్పెక్టరు ఆ మెట్టు మీదే కాలు పెట్టుకుని మా ఇంట్లోకి చూస్తున్నాడు.

అమ్మ దాన్ని చూపించి అంది: "నువ్వు చదువప్పా. ఆ అధ్యాయం నువ్వు ముగించు. వాడు ఆడ నీళ్లలో నిలబడుకోని ఉండాడు."

అమ్మ చెప్పింది మీకు అర్థమైందనే అనుకుంటున్నాను. మధ్యలో ఆగిన అధ్యాయాన్ని ఎవరో ఒకరు ముగిస్తే తప్ప ఆ కీడు దిగిపోదు. కానీ ముగించాలంటే మామ దారం దాటాలి. పెద్దవాళ్ల దారం దాటేది వాళ్లు లేనప్పుడే. నేను ఆ తెరను ఒక్కసారి వేలితో తాకానంటే, మామ లేడని మా ఇంట్లో మొదట ఒప్పుకున్నవాణ్ణి నేనే అవుతాను. చదవనన్నాను. చదవమంది. "దాటితే ఏమవుతుందో తెలిసే అంటాండావామ్మా?" అని నేనూ నగర్తపేట గొంతుతోనే అరిచాను. మా ఆవిడ మమ్మల్నిద్దర్నీ మార్చిమార్చి చూసింది. పిచ్చివాళ్ల కుటుంబంలో పడ్డానని ఆమెకు అనుమానం ఎప్పటినుంచో ఉంది, ఆ రోజు రూఢి అయింది. చివరికి అమ్మ కన్నీళ్లు చూడలేక వేలు ఎత్తాను. తెరకు వెంట్రుకవాసి దూరంలో నా వేలు ఆగింది. పొద్దు వాలుతోంది. అప్పుడు కింద ట్రాక్టరు చప్పుడైంది.

ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, పలకను ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తిన కట్టుకుని, చేతిలో నానిపోయిన బెణ్ణె బిస్కెట్ల, అంటే వెన్న బిస్కెట్ల, పొట్లంతో, ఇరుగుపొరుగువాళ్లను ఎక్కించుకొచ్చిన ఆ ట్రాక్టరులోంచి మామ దిగాడు. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమక్కా, దయ్యాన్ని చూసినట్ల అట్ల చూస్తావుండావు?" అన్నాడు.

"యాడ సచ్చినావురా అధ్యాయం మధ్యలో ఇడిసిపెట్టి!" అని అమ్మ చేతిలో ఉన్న తువ్వాలుతో కొట్టింది.

మామ నవ్వు ముఖం మెల్లగా మారిపోయింది. "మధ్యలో ఇడిసింది నీకెట్ల తెలిసె?" అన్నాడు.

ఆయన చూపు టేబుల్ మీద ఉన్న నా పలక మీద పడింది, తర్వాత తన నెత్తిన ఉన్నదాన్ని తడుముకున్నాడు. ఎవరికీ చిక్కకుండా బతికిన మనిషి, తాను ఇన్నాళ్లూ పేజీ పేజీకీ చిక్కుతూనే ఉన్నానని తెలుసుకున్న క్షణం అది. ఆ ముఖం నేను పెంచి చెప్పలేను.

జరిగింది ఇది. బస్సు నీళ్లలో ఆగిపోయింది. లోపల వందమంది, నేను చెప్పే వంద, జనం. పక్క సీట్లో ఫ్యాక్టరీకి వెళ్లే ఒక అమ్మాయి భయంతో ఏడుస్తూ, ఏమీ తోచక, "ఏన్ సార్ ఓద్తా ఇద్దీరా?" అని అడిగింది. ఏం చదువుతున్నారని అడిగినవాళ్లకు మధ్యలోంచి ఎట్ల చెప్పేది? మామ అధ్యాయాన్ని అక్కడే ఆపి, మొట్టమొదటి పేజీకి వెనక్కి వెళ్లి, కన్నడంలోకి మార్చుకుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు. ముందు ఆ అమ్మాయి, తర్వాత వెనక సీట్లవాళ్లు, తర్వాత కండక్టరు, తర్వాత కిటికీ బయట నడుంలోతు నీళ్లలో నిలబడినవాళ్లు కూడా విన్నారట. పలకకు ముందుకు పోవడం ఒక్కటే తెలుసు. మనిషి వెనక్కి వెళితే అది ఎవరికీ చెప్పదు. ట్రాక్టరు వచ్చేసరికి కథ తిరిగి ఆ నేలమాళిగ మెట్ల దగ్గరికి వచ్చిందట; అధ్యాయం అయ్యేదాకా ఒక్కరు కూడా బస్సు దిగలేదట. "ముగించినాకనే దిగినానక్కా. సుమ్నే, ఊరికూరికే నన్ను తిడతావు" అన్నాడు. కరెంటు వచ్చాక చూస్తే పేజీ నిజంగానే అధ్యాయం చివర ఉంది.

ఆ డేటాకు డబ్బు పెట్టడం మంచిదా కాదా అన్న వాదన ఆ రోజుతో తేలుతుందనుకున్నాను, తేలలేదు. అది లేకపోతే అందరిలా మామూలుగా భయపడి ఉండేవాళ్లం. అది ఉండబట్టి గంటసేపు ధైర్యం, ఆ తర్వాత బతికున్న మనిషికి కర్మకాండ మొదలుపెట్టేటంత భయం. మామ కొన్నాళ్లు దాన్ని చాడీల పలక అని తిట్టాడు, సిగ్నల్ ఆపేస్తానన్నాడు, ఆపలేదు. ఆ తర్వాత ప్రతి పొద్దున్నా కాఫీ తాగుతూ అమ్మ, మీ మామ యాడికొచ్చినాడప్పా అని అడిగేది, నేను చూసి చెప్పేవాణ్ణి, అక్కాతమ్ముళ్లకు అదే మాటామంతీ. రెండు రోజులు కదలకపోతే మూడో రోజు అమ్మ నన్ను నగర్తపేటకు తరిమేది.

అలా తరిమిన ఒక రోజే మామను ఆస్పత్రిలో చేర్చాం. కొన్నాళ్లు ఉన్నాడు. పలక తలగడ కిందే ఉండేది. ఆ చివరి మధ్యాహ్నం నేను ఇంట్లో ఉన్నాను. ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది, విని పెట్టేశాను. అమ్మ నా ముఖం చూసింది. ఏమైందని అడగలేదు. "యాడుండాడు? అధ్యాయం ముగించినాడా?" అని అడిగింది. నేను నా పలక తెరిచాను. పెట్టె పైకి వచ్చింది. వెళ్లి చూశాను. అధ్యాయం మధ్యలో ఉంది.

"మధ్యలో ఉండాడమ్మా."

అమ్మ కళ్లు మూసుకుని, "అట్లయితే ఎవురికో మొదట్నుంచి చదివి చెప్తా ఉంటాడులే" అంది. అంతే. ఏడుపు కూడా ఆ మాట తర్వాతే వచ్చింది.

మా అమ్మాయికి ఇదంతా చెప్పకుండా, వేస్టేనమ్మా, వైఫైది తీసుకో అన్నాను. నిజమే చెప్పాను. ఇప్పుడు చేతిలో ఫోను లేని మనిషి ఎవరు? మా ఇంట్లో ఎవరు ఏ సిగ్నల్ దగ్గర ఆగారో, ఏ మలుపు తిరిగారో మ్యాపు మీద నీలం చుక్కలుగా నాకు కనిపిస్తూనే ఉంటుంది. ఎవరు ఏ పేజీలో ఉన్నారో మాత్రం తెలియదు. మామ పలకకు ఇప్పుడు ఎక్కడా సిగ్నల్ అందదు, అల్మారాలో ఉంది. నాది తెరిస్తే ఆ పెట్టె ఇంకా పైకి వచ్చి, ముందు పేజీకి వెళతారా అని అడుగుతుంది. వద్దని నొక్కుతాను. ఆయన దారం తీసేయాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది, నేను ఆ పుస్తకంలో ఆ పేజీ దాటలేదు. ఆయన ఆఖరున చదివిన ఆ డిటెక్టివ్ నవల్లో హంతకుడెవరో నాకు తెలియదు.

ఇక మాటిచ్చిన ప్రకారం చెబుతున్నాను. చేపలు లిఫ్టు దిగింది నిజం, నురగ నిజం, అధ్యాయం అయ్యేదాకా బస్సు దిగని జనం నిజం. నేను కల్పించింది ఒక్కటే. ఆ చివరి మధ్యాహ్నం మామ పేజీ మధ్యలో లేదు; వాన రోజు మధ్యలో ఆగినవాడు తిరిగొచ్చాడు కదా అని అమ్మకు అలా చెప్పాను. అధ్యాయం చివర ఉంది. ఆయన ఎప్పటిలాగే ఆఖరి వాక్యం దాకా చదివి, చక్కగా ముగించి, పలక మూసి తలగడ కింద పెట్టుకున్నాడు. అమ్మకు ఇప్పుడు అక్షరాలు ఆనవు. ఆమెకు ఇది ఎంతవరకైనా చదివి వినిపించండి గానీ, దయచేసి ఈ పేరాకు ముందు ఆపేయండి.